కలబురగి బండి

హైదరాబాద్‌ల అడిగితే నాలుగు నెలలు ఆగమన్నరు.
తెల్లది కావాల్నంటే ఐదు.
ఆగుడంటే ఏందో నాకు చెప్పొద్దు,
డోర్ లాక్ ఉన్న ఇండ్ల ముంగట
రీడింగ్ మిషిన్ పట్టుకొని, కుక్కలు మొరుగుతుంటే
ఇరవై తొమ్మిదేండ్లు ఆగినోణ్ని.

"కలబురగిల ఉంది, ఒక్కటే ఉంది" అన్నడు ఫోన్ల బసలింగప్ప.
ఎవరో బుక్ చేసి వద్దనుకున్నదట.
ఆయన తెలుగు సగం కన్నడం,
నా కన్నడం మొత్తం తెలుగు.
ధర కాడికి వచ్చేసరికి మాత్రం
ఇద్దరికీ భాష మంచిగనే వచ్చింది.

"ఊరు గాని ఊరు, రాష్ట్రం గాని రాష్ట్రం,
పైసలు ముట్టినంక ఫోనెత్తకపోతే?"
అంటనే అనసూయ
నా బనీన్‌కు లోపలి జేబు కుట్టింది.
డీడీ మడిచి అండ్ల పెట్టుకొని
తెల్లారకముందే బస్సెక్కిన.

ఉంది. నిజంగనే ఉంది.
సీట్లకు ప్లాస్టిక్ కవర్లు,
నంబర్ ఉండే కాడ అతికిచ్చిన కాయితం.
బటన్ ఒత్తిన. సప్పుడు లేదు.
మళ్ల ఒత్తిన.
"స్టార్ట్ ఆగిత్తు సార్" అన్నడు బసలింగప్ప మెల్లగ,
"ఇప్పుడు మీరే బంద్ చేసిండ్రు."

సిగ్గయింది.
కరెంటు ఆఫీసుల బతుకంతా గడిపినోణ్ని,
కరెంటు సప్పుడు చెయ్యదని మర్చిపోయిన.

అరవై శాతమే నింపి ఇచ్చిండ్రు. నేను సూస్కోలే.
హుమ్నాబాద్ దాటినంక ఏసీ బంద్ చేసిన.
జహీరాబాద్‌ల పాటలు బంద్ చేసిన.
సదాశివపేట వచ్చేసరికి
ఊపిరి గూడ పొదుపుగ తీస్కుంటున్న.
తొమ్మిది శాతం.
ఛార్జింగ్ పాయింట్‌కు గోనెసంచి కప్పి ఉంది.

పక్కన మొగులమ్మ బజ్జీల హోటల్.
సంగతి విని, ఫ్రిజ్ ప్లగ్ పీకి నా చేతికిచ్చింది.
"కూల్‌డ్రింకులు వేడైతే వేడాయె, పెట్టుకో."
అలవాటు పాడుగాను,
వైరు పెట్టకముందే ఆమె మీటర్ సూసిన.
ఏడువేల మూడువందల పద్నాలుగు.
అరచేతిల రాసుకున్న.

మూడు గంటలు.
ఆమె ఉల్లిగడ్డల రేటు చెప్పింది,
కోడలికి ఎక్కిన షుగర్ చెప్పింది.
నడిమిట్ల ఓసారి కరెంటు పోయింది,
ఆమె తిట్టింది.
నేను తలకాయ వంచుకున్న,
మా సాయిలు అసొంటోడు ఎవడో
ఏ పోల్ మీద ఉన్నడో ఏమో.

ఏడువేల మూడువందల ఇరవై రెండు.
ఎనిమిది యూనిట్లకు లెక్క కట్టి చూపెట్టిన.
"ఎడ్లకు నీళ్లు తాపితే పైసలు తీస్కుంటరా ఎవరన్న?"
అని మూకుడు దిక్కు తిరిగింది.
వంద నోటు చాయ గ్లాసు కింద పెట్టి వచ్చిన.

పటాన్‌చెరు కాడ పోలీసాయన ఆపిండు.
"ఎక్కడి బండి?"
"కలబురగి."
"నువ్వు?"
"బోరబండ."
కాయితాన్ని సూసిండు, నన్ను సూసిండు,
నా అరచేతిల అంకెలు సూసిండు.
ఏమనుకున్నడో, పొమ్మన్నడు.

రాత్రి పదకొండున్నరకు మా గల్లీ మలిగిన.
నడిరోడ్డు మీద పండుకున్న నాలుగు కుక్కలు
ఒక చెవి లేపి మళ్ల దించినయి.
ఇన్నేండ్లల్ల నన్ను సూసి మొరుగని రాత్రి అదొక్కటే.
పక్కకెళ్లి పోనిచ్చి, ఇంటి ముంగట ఆపి
కొంచెంసేపు అండ్లనే కూసున్న.

ఆర్టీయే ఆఫీసుకు మూడుసార్లు తిరిగిన.
"ఇక్కడ దొరకలేదా?" అని మూడుసార్లు అడిగిండ్రు.
ట్యాక్సు కట్టిన. కాయితం పోయి నంబరొచ్చింది.
అనసూయ ఇప్పటికీ దాన్ని కలబురగి అనే పిలుస్తది,
"కలబురగి తియ్యి, కూరగాయలకు పోవాలె."

మొన్న మీటర్ పిలగాడొచ్చిండు.
రీడింగ్ కొట్టిండు, ఆగిండు,
మిషిన్ దులిపి మళ్ల కొట్టిండు.
"సార్, మీటర్ ఖరాబైనట్టుంది.
పోయిన నెలకు మూడింతలు చూపెడుతుంది."

గేటవతల ఎండల తెల్లగ మెరుస్తుంది అది.
వాని చెప్పుల పక్కన మా గల్లీ కుక్క
పండ్లు బయటపెట్టి గుర్రుమంటుంది.

రాయి బిడ్డా, అన్న,
ఉన్నది ఉన్నట్టు రాయి.
కుక్కను నేను పట్టుకుంట.