పదహైదు రూపాయల మైకు

చేతులు రెండూ మగ్గానివి.
కుడిచెయ్యి లాళె తాడుది, ఎడమచెయ్యి పలకది.
కాళ్ళు పొద్దున ఆరింటికే
గుంతలో తొక్కుడుపలకల మీద కుదురుకుంటాయి.
ఇంక నాకని మిగిలింది నోరొకటే,
అదీ వక్కాకు మానేసినాక.

మౌత్ ఆర్గాన్ గుంతకల్లులో
పాతసామాన్ల బండి మీద దొరికింది.
నాలుగో రంధ్రం దగ్గుతాది.
పట్టు నూగు లోపలికి పోతే రెండోది కూడా.
విరిగిన గొడుగు ఊచలు వంచి
మెడకు తగిలించుకునే కొక్కెం చేసినా.
సుంకమ్మ చూసి
"కోడెకు చిక్కం కట్టినట్లుండావు" అనింది.

ఊదితే ఒక స్వరం, పీలిస్తే ఇంకొకటి.
లాళె కూడా అంతే గదా,
పోతా ఒక పోగు, వస్తా ఒక పోగు.
బాగానే వస్తాండాదని నేననుకోవడమే.
ఉరవకొండ నేతవీధిలో మా గోడవతల
గోరంట్లోళ్ళ మరమగ్గాలు ఆరు.
అవి మొదలైతే నా పాట
నా పండ్లకు తప్ప ఎవరికీ తెలీదు.

"అనంతపురంలో మైకు కొనల్లంటే మూడు వేలు"
అన్నాడు ఇమాంవలి,
సెల్లు రిపేరి బల్ల మీద నుంచి తలెత్తకుండానే.
మూడు వేలంటే వారం మగ్గం.
నేను కదలకపోతే డబ్బాలో చెయ్యిపెట్టి
శనగబ్యాడంత గుండీ ఒకటి తీసినాడు,
చచ్చిపోయిన ఏదో ఫోను చెవి.
"పదహైదు రూపాయలియ్యి. అతికేది నువ్వే అతుక్కో."

అతికినా.
వేలు ఒకసారి కాలింది, గుండీ కాలు ఒకసారి,
సుంకమ్మ చాప రెండుసార్లు.
తీగ చెడిపోయిన ఇయర్‌ఫోనుది,
గూడు నీళ్ళసీసా మూత.
ఊపిరి బుస్సుమనకుండా
పౌడరు డబ్బాలోని కుచ్చు కోసి కప్పినా.
ఆ కుచ్చు పెండ్లినాటిదంట. నాకేం తెలుసు.
రెండు దినాలు మాటల్లేవు.

గుండీకి కూడా రవ్వంత కరెంటు తాపల్లంట.
గోడగడియారంలో సెల్లు పీకి పెట్టినా.
ఇంట్లో పదకొండూ ఇరవై దగ్గర టైము నిలబడింది.
పాత రేడియో విప్పి
సౌండు తిప్పేదాని నడిమి కాలికి తీగ అంటిస్తే
కుయ్యోమని అరిచింది,
వీధిలో కుక్క బదులిచ్చింది.
పెట్టె మొగం వాకిలి దిక్కు తిప్పినాక ఊరుకుంది.

అప్పుడు వాయించినా, చేతులాడిస్తానే.
పాటను మాత్రమే ఇనల్లని కుచ్చు కప్పితే
ఆ శనగబ్యాడ అన్నీ ఇనింది:
పలక పోటు, నా ముక్కు, మింగిన ఉమ్మి,
గోడవతల ఆరు మగ్గాలు దూరంగా,
ఎవరో వడ్లు దంచుతాండినట్లు.
సిగ్గయింది. ఐనా ఆపలేదు.

వాకిట్లో కండెలు చుడతా సుంకమ్మ
"ఆపు" అనింది.
రెండు దినాల తర్వాత మొదటి మాట.
"బాగలేదా?"
"పాట సంగతి నాకు తెలీదు.
కుడిదిక్కుకు పోయేటప్పుడు లాళె గీరుకుంటాంది.
పెట్టెలో ఇనబడుతాంది. పోగు తెగిందేమో సూడు."

చూసినా.
జరీ అంచుకు మూడు పోగుల ఇవతల తెగి
పక్కపోగును చుట్టుకోనుండాది.
ఇంకో జానెడు నేసింటే
షావుకారు ఆ చీరెను వెలుతురుకు పట్టి
నోరు తెరవకుండానే కూలి కోసేవాడు.

వంగి కొసలు వెతుక్కుంటాంటే
మౌత్ ఆర్గాన్ మూతికి ఆనుకోనే ఉండాది.
ఊదలేదు.
ఊరికే ఊపిరి తగిలి
ఆ దగ్గే రంధ్రమే, సన్నగా, పలికింది.
వాకిట్లో అది ఎంత పెద్దగా ఇనబడిందో ఏమో,
రాట్నం నిలిచిపోయింది.

"అదేం పాట?" అనింది.

ముడి బిగించేదాకా నేను బదులు చెప్పలేదు.