ఊటనీళ్ళ సీసా

పదిహేడడుగుల ఎత్తు. అంతే.
పెద్ద డ్యాములు చూస్తే నవ్వుకుంటాయి.
పెన్సిల్వేనియా కొండ మడతలో
పని దొరకని కుర్రాళ్ళు తొంభై ఏళ్ళ కిందట
రోజుకు ఒక డాలరుకూ, వేడి సూపుకూ
రాయి మీద రాయి పేర్చి
ఉరుకుల వాగును బతిమాలి
ఈతకొలనుగా కూర్చోబెట్టారు.

సంతలో కుండ కొనేవాళ్ళు వేలి కణుపుతో కొట్టి వింటారే,
అలా అడుగడుక్కీ సుత్తితో తట్టి వింటున్నాను.
ఖంగు. ఖంగు. ఖంగు.
ఎడమ గోడ దగ్గర డొల్ల.
సుద్దముక్కతో దాని చుట్టూ సున్నా గీశాను.
సున్నా లోపల, తడి సిమెంటులో ఎవరో పుల్లతో రాసుకున్న పేరు:
ఎల్మర్.
ఇంటిపేరును మంచు కొరికేసింది.

"పోయేముందు ఆ గీత చెరిపేస్తావా?" అంది
వినిఫ్రెడ్ క్లైన్‌ఫెల్టర్. డెబ్బై తొమ్మిదేళ్ళు.
తూము గది తాళంచెవి ఈల తాడుకే కట్టి మెళ్ళో వేసుకుంటుంది.
తూము చక్రం తిరిగి ముప్పై ఏళ్ళయింది.
నూనె పోశాం. ఇద్దరం పట్టుకుని వేలాడాం.
తుప్పు రాలింది గాని చక్రం కదల్లేదు.

కట్ట మీద పైన్ చెట్లు కొట్టేయాలన్నాను.
"పిల్లలకు నీడ," అంది.
నీడకు వేళ్ళుంటాయండీ, అన్నాను.
చెట్టు చచ్చాక వేరు కుళ్ళుతుంది,
కుళ్ళిన వేరు సొరంగమవుతుంది,
నీటికి ఇంకొకరు దారి చూపించక్కర్లేదు.
ఆమె నా వైపు కాదు, చెట్ల వైపు చూసింది.

కట్ట కింద ఒక్కచోటే ఫెర్న్ ఆకులు
అవసరానికి మించిన పచ్చగా ఉన్నాయి.
వంగి, సీసాలో ఊట పట్టి, ఎండకెత్తి చూశాను.
తేట.
తేటగా కారినంతకాలం కట్ట చెమట పోస్తోందనుకోవాలి.
బురదగా వచ్చిన రోజున
అది తన ఒంటిని తానే మోసుకుపోతోందని.

"నాలుగొందల మందికి ఈత నేర్పాను ఇక్కడ,
ఒక్క ప్రాణం పోలేదు" అంటూ నా కాగితం లాక్కుని చదివింది.
ప్రమాద స్థాయి: అధికం.
ఆమె మెడ ఎర్రబడింది, బడిలో పిల్లాణ్ణి
దొంగ అన్నట్టు.

ఆ మాట డ్యామ్ గురించి కాదండీ.
కట్టినప్పుడు దిగువన మొక్కజొన్న.
ఇప్పుడు పద్నాలుగు ఇళ్ళు, ఒక పసిపిల్లల బడి.
డ్యామ్ ఎక్కడికీ పోలేదు.
ప్రమాదమే వచ్చి దాని కాళ్ళ దగ్గర కాపురం పెట్టింది.

రా చూద్దాం, అంది. నా కారులోనే దిగాం.
ఇళ్ళు లెక్కపెడుతున్నాను. ఏడో ఇంటి ముందు
ఒకామె తలుపుకు నీలం రంగు వేస్తోంది,
చంకలో పాప, పాప చెవి మీద కూడా నీలం.
అద్దెకు దిగి మూడు నెలలట.
డ్యామ్ చూడ్డానికి వచ్చాం, అన్నాను.
"ఏ డ్యామ్?" అంది.

వినిఫ్రెడ్ చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత కంచె దాటి వెళ్ళి,
ఈతకు చేతులెలా వేయాలో చూపించే ఆ చేత్తోనే చూపించింది:
రోడ్డు వెంట కాదు. కారు కోసం ఆగొద్దు.
గరాజు వెనక, ఆ మెట్లు, చర్చి గోడ దాకా, పైకి.
పాపను ఇలా, భుజం మీద.
"ఇంకోసారి చెప్పు," అంది. ఆమె చెప్పింది.
చేతిలోని కుంచె నుంచి రంగు కారుతూనే ఉంది.

వెనక్కి వచ్చేసరికి చినుకులు.
గోడ మీద సుద్ద సున్నా కరగడం మొదలైంది.
మళ్ళీ గీయబోతే
సుద్దముక్క నా చేతిలోంచి తీసుకుని ఆమే గీసింది,
ఎల్మర్ చుట్టూ, కాస్త పెద్దదిగా.

ఆ సీసా నాకివ్వు, అంది.
ప్రతి సోమవారం పడతాను.
కంటి చూపు అంత బాగా లేదు నాకు,
ఏ వేళ ఎండలో పట్టుకుని చూడాలి?