ఫైండింగ్స్

నగరత్‌పేటలో మూడో అంతస్తు.
ఫ్యాను వేస్తే రజను లేచిపోతుందని
ఏప్రిల్‌లో కూడా ఫ్యాను వెయ్యని గది.
తలుపు పక్కన నా కంప్యూటరు,
నా పని బిల్లులు కొట్టడం.

చేరిన మొదటి వారమే
దుబాయి ఆర్డరులో ఒక వరస:
ఫైండింగ్స్, నలభై రెండు గ్రాములు.
ఎవరిది పోయింది? ఎవరికి దొరికింది?
నేలమీద ఊడ్చి పోగేసిన పొడి కాబోలనుకుని
తరుగు పద్దులో కలిపేశాను.
సేటు మూడు భాషల్లో తిట్టాడు.

లింగాచారి తిట్టలేదు.
లాగుతున్న తీగని కమ్మచ్చులోనే వదిలి
అమృతాంజనం డబ్బా ఒకటి తెచ్చి
నా అరచేతిలో వంపాడు.
దిద్దు వెనకాల సీల,
గొలుసు కొసని కొక్కెం,
ఊపిరి తగిలితే ఎగిరిపోయేటంత చిన్న వలయాలు.
"ఇవే పాపా అవి. నగలు కావు.
వీటిని ఎవరూ చూడరు.
ఇవి ఊడినాకనే చూస్తారు."

"ఒక్కదాన్ని ఏమంటారు?"

"ఒక్కటి ఎవురు కొంటారు?
నీళ్ళకి ఒకటుందా, పాలకి ఒకటుందా? అట్లనే."

ఆ రాత్రి కాటన్‌పేట గదిలో
అట్ట ఊడిన నిఘంటువు తీశాను.
నిజమే, కంసాలికీ చెప్పులు కుట్టేవాడికీ దర్జీకీ
అదే మాట, ఎప్పుడూ బహువచనమే.
వెతికి తెచ్చుకోవలసినవి కాబట్టి ఆ పేరొచ్చిందో ఏమో,
నిఘంటువు చెప్పలేదు.
ఇంటర్వ్యూ రోజు పొద్దుణ్ణించీ సాయంత్రం దాకా
నా పమిటని పట్టుకున్న పిన్నీసు
గుర్తొచ్చింది, దానికి థాంక్స్ చెప్పలేదని కూడా.

నలభై ఏళ్ళ ఊదుగొట్టం,
ఆమ్లం పొగ, కుంపటి పొగ.
ఈ మాఘంలో దగ్గు ఆగలేదు.
విక్టోరియా ఆస్పత్రిలో స్కానింగు తీసి
కాగితం చేతికిచ్చారు.
మధ్యాహ్నం అన్నం డబ్బా మూసి
నా దగ్గరికి పట్టుకొచ్చాడు.

ఇంగ్లీషు చదవలేడు లింగాచారి.
కానీ ఒక మాటని మాత్రం ఆకారంతో పోలుస్తాడు:
మొదట రెండు కొక్కేలున్న కర్ర,
చివర ఎస్ హుక్కు.
కాగితం మధ్యలో లావుగా అదే మాట, పక్కన రెండు చుక్కలు.
"మన మాటే కదా పాపా!"
అని ముఖమంతా నవ్వి,
"ఎన్ని గ్రాములు ఏసినారు?"

దాని కింద మూడు వరసలు.
సగం నాకు అర్థం కాలేదు.
అర్థమైన సగానికి
నాకు తెలుగు తెలియకుండా పోయింది.

"కొక్కేలు ఏమన్నా ఊడినాయా?"

"రెండు... వదులయ్యాయంట."

"వదులైతే బిగిస్తారులే" అని
వెళ్ళబోయి ఆగాడు.
కళ్ళు చికిలించి నా ఎడమ చెవి వైపు చూశాడు.
"సీల మర అరిగిపోయింది. ఈ పొద్దో రేపో పడిపోతాది, ఇయ్యి."

తీసి ఇచ్చాను.
దీపం కిందికి వంగి
పట్టకారుతో ఒక చుట్టు తిప్పి,
చెవి దగ్గర పెట్టుకుని విని,
మళ్ళీ అర చుట్టు.

మడత పెట్టిన కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది.

"ఇంక పడదు పో" అన్నాడు.