తుంగలో లెక్క

జూన్ నెలాఖరు. నార్ఫోక్ చిత్తడిలో
మోకాలి బూట్లతో ఏడుగురం, వరసగా.
మనిషికి పది వెదురుపుల్లలు, పుల్ల చివర ఎర్రగుడ్డ.
"పువ్వు కనబడితే పక్కన గుచ్చండి.
చూడకుండా అడుగెయ్యకండి"
అన్నాడు థర్టిల్.
యాభై ఏళ్లు ఇక్కడే తుంగ కోసి
ఇళ్ల కప్పులకి అమ్మినవాడు,
చూపుడువేలు సగమే మిగిలినవాడు.

గంటయింది. నాకేమీ ఆనలేదు.
పచ్చలో పచ్చ.
ఆర్కిడ్ అంటే పెళ్లిమండపాల్లో
ఊదారంగు గుత్తులే తెలుసు నాకు.
ఇది జానెడు కూడా లేదు.
అడుగున రెండాకులు, దోసిలి పట్టినట్టు,
నూనె రాసినట్టు.
పైన ఆరేడు పూలు. పూలంటే పూలు,
లేత పసరురంగు నూలు చిక్కుపడినట్టు.
వాసన లేదు, తేనె లేదు,
ఏ ఈగకీ దీంతో పనిలేదు.

కళ్లకంటే ముందు చేయి పట్టేసింది.
గడ్డిపాయ తీసి, కుదురు తడిమి,
రెండు వేళ్ల మధ్య కాడ బిగించి
ఆగిపోయింది.

దివిసీమ మళ్లలో ఆరు సార్వాలు
రోజుకి అరవై రూపాయలకి వంగిన చేయి ఇది.
తుంగ, ఊద, గుంటగలగర,
వరి కానిదానికల్లా ఒకటే పేరు.
లాగటమే నేర్పారు.
ఆగటం ఎక్కడ నేర్చిందో నాకూ తెలీదు.

"మీ భాషలో దీన్నేమంటారు?"
"పేరు లేదు" అన్నాను.
ఉంది. చెప్పలేదు.

తుంగ కొయ్యటం మానేసిన కొన్నేళ్లకి
ఇది మాయమైందట.
కొడవలి మళ్లీ దిగాక
తొమ్మిదో ఏడు తల ఎత్తిందట.
కోత పడితేనే బతికే మొక్క,
అంటూ సగం వేలితో గాల్లో గీత గీశాడు.

వాన.
అందరూ షెడ్డుకి పరిగెత్తారు.
నేనుండిపోయాను, ఎడమ బూటు రానంటోంది.
ఒంగి లాక్కుంటుంటే
చినుకొకటి వచ్చి పువ్వు నెత్తిన మొట్టింది.
ఆవగింజలో సగంకూడా లేని పుప్పొడి మూట
వెనక్కి జారి
దాని కడుపులోనే పడింది.
ఇంకో చినుకు. ఇంకో పువ్వు.
మేళం లేదు, మధ్యవర్తి లేడు.
బూటులోకి నీళ్లు వచ్చేదాకా చూశాను.

సాయంత్రం థర్టిల్ పలకమీద
నలభై మూడు.
నా పది పుల్లల్లో తొమ్మిది
నా దగ్గరే ఉన్నాయి.

నారిచ్ బస్సులో చేతులు తుడుచుకుంటే
గోరు కింద సన్నగా పసరు.
ఏ మొక్కదో.