బిళ్ళల పలక

మూడో షిఫ్టు దిగింది.
గోదావరిఖనిల బాయి మీద, కంట్రోల్ గదిల
నేను, ఒక బూడిదరంగు డబ్బా.
ఇరవైనాలుగు కండ్లు దానికి.
పదమూడు మిణుకుతున్నయి.
కడమయి నిద్రపోయినయా, సచ్చినయా తెల్వది.

పొద్దుగాల ఆడిట్ సారు వస్తడు.

ముందుగాల తాళం మార్చిన.
కొన్ననాటి పాస్‌వర్డే ఇంక నడుస్తున్నది,
అట్టపెట్టె మీద కంపెనీ అచ్చేసి ఇచ్చిందే.
లోకమంత ఎరుకైన తాళం తాళమా?
తడిక.
కొత్తది పద్నాలుగు అక్షరాలు.
కాయితం మీద రాసి, రెండుసార్లు చదివి,
చాయ్ గిలాసల నానబెట్టి పిండి పారేసిన.

వాడని పదకొండు కండ్లు మూసిన,
ఎవడన్న ఉత్తగనే వచ్చి తీగ గుచ్చకుంట.
మూసుకుంట ఒక్కొక్కదానికి పేరు రాసిన:
ఖాళీ. ఖాళీ.
పాత క్యాంటీన్, కూలగొట్టిన్రు.
ఖాళీ.
టైమ్ ఆఫీసు ఫోన్, ఎవలూ ఎత్తరు.

గడియారం నలభై ఒక్క నిమిషాలు ఎనకున్నది.
బాయిల నలభై ఒక్క నిమిషాలంటే
పైకప్పు కూలి,
దుమ్ము మల్ల కిందికి దిగి,
ఎవలెవలున్నరని పేర్లు పిలుసుకునేటంత సేపు.
సరి చేసిన.

అప్పుడొచ్చిండు రాజలింగు తాత, ల్యాంప్ రూమ్ నుంచి,
రెండు చాయ్‌లు పట్టుకొని.
ఆయన కాడ ఒక పలకున్నది, నిండ మొలలు.
దిగేటోడు ఇత్తడి బిళ్ళ తగిలించి లైటు తీస్కపోతడు,
ఎక్కినంక లైటిచ్చి బిళ్ళ తీసుకుంటడు.
ఒకసారి ఒక్క బిళ్ళ మిగిలిందట.
ఇంటికి పోలే, అన్నం తినలే,
తెల్లారేదాక దాని ముందటనే కూసున్నడట.
ఆ బిళ్ళగాడు లైటు తోటి సైకిల్ షెడ్డుల పండుకున్నడు.
తిట్టి, లేపి, వాని చేత్తోనే తీయించిండు.

"ఏం రాస్తది పిలగా, ఈ డబ్బా?"
ఎవలొచ్చిన్రు, ఎవలు పోయిన్రు,
ఏ తీగ తెగింది, ఏ ఘడియల తెగింది, అన్ని రాస్తది తాత.
"అంటే నా పలకే గద."
ఔ.
"మరి రాసేటోన్ని ఎవలు చూస్తరు?"

చాయ్ సల్లారింది. ఆయన పోయిండు.
రికార్డు తెరిచిన.

ఆఖరి గీత పదకొండు నెలల కింద,
రాత్రి రెండు గంటల పదహారు నిమిషాలకు.
రాసుడు ఆపబడినది.
ఆపినవారు: కుమారస్వామి.

కుమారస్వామి అంటే నేనే.

యాదికొచ్చింది.
ఏడో సెన్సరు తీగ వదులై
పోయింది, వచ్చింది, పోయింది, వచ్చింది,
నిమిషానికోసారి కూత.
నాకు జరం. తల పగులుతున్నది.
ఈ ఒక్క రాత్రికే అనుకున్న.

తర్వాత పదకొండు నెలలు ఏం కాలే.
కాలేదనే అనుకుంటున్న.
రాసి లేదు గద.

తాళం నా చేతులనే ఉన్నది.
ఆ గీతను చెరిపితే సారుకు తెల్వది,
డబ్బాకు సుత తెల్వది.
వేలు మీట మీద పెట్టి
ఎంత సేపున్ననో ఏ రికార్డుల లేదు.

చెరపలే.
రాసే ప్రతి గీతకు ఒక నకలు
జీఎం ఆఫీసుల మిషన్‌కు పోయేటట్టు పెట్టిన.
ఇక్కడ తుడిసినా అక్కడుంటది.
ఆ గది తాళం నా కాడ లేదు.
మొదలు ఈ పాత గీతనే పంపిన.
ఏడో సెన్సరు మూడు నిమిషాలు పలకకపోతే
నా ఫోను, ఓవర్‌మెన్ ఫోను రెండూ మోగాలె అని రాసిన.
మూడా, అయిదా అని చానసేపు కొట్లాడిన నాతోని నేను.

మీట నొక్కిన.
రాసుడు మొదలు. పెట్టినవారు: కుమారస్వామి.
పాత గీత కింద కొత్త గీత.
నడుమ ఏమీ లేదు, వేలెడు జాగ సుత లేదు.
పదకొండు నెలలు అండ్లనే పట్టినయి.

ఊపిరి తీసుకుంటున్న, అంతల్నే

ఏడో సెన్సరు పోయింది.
ఏడో సెన్సరు వచ్చింది.
ఏడో సెన్సరు పోయింది.

మూడు నిమిషాలు.
రెండు ఫోన్లు ఒక్కసారే మోగినయి.

ఓవర్‌మెన్‌ను అడిగి, టోపీ పెట్టుకొని
ల్యాంప్ రూమ్ కిటికీ కాడ నిలబడ్డ.
రాజలింగు తాత ఏమనలే,
మొల చూపిచ్చిండు.
బిళ్ళ తగిలించి లైటు తీసుకున్న.