ఎడమ చెవి

హన్మకొండ చౌరస్తాల, మెట్ల కింద సందంత దుకాణం.
నయీం అనే పోరడు అద్దాల డబ్బా మీద
నాలుగు జతలు పరిచిండు, వేడి బజ్జీలు పెట్టినట్టు.
"అన్నా, గిది తీస్కో. బేసు చూడు, గుండె అదురుతది."

నాకు బేసు కొత్త గాదు తమ్మీ.
ఇరవయ్యొక్క ఏండ్ల సంది
పెండ్లి ఊరేగింపుల నా ఎడమ పక్కనే నడుస్తది.
దాని పేరు మొగిలి. పెద్ద డోలు ఆయనది.
ఇప్పుడు గూడ నా ఎన్కనే నిలవడి
ఫ్యాను గాలికి అంగి ఎగరేసుకుంటున్నడు.

నేను క్లారినెట్ ఊదేటోణ్ని.
నాకు కావాల్సింది ఒక తప్పు.
పోయిన ఎండకాలం ములుగుల, బరాత్ మలుపు తిరిగే కాడ
నా సుతి ఎక్కడనో జారింది.
ఎవరికీ తెల్వలే, పెండ్లికొడుకు గుర్రానికి గూడ.
నా భుజం ఎన్క నడుస్తున్న పిలగాడెవడో ఫోన్ల పట్టిండు,
ఆ ముక్క నా తాన ఉన్నది.
జారిన జాగ దొరకవట్టాలె. గంతే.

మొదటి జత పెట్టుకున్న:
నీళ్ల ట్యాంకుల తల పెట్టినట్టుంది.
రెండోది పన్నెండు వందలట, తీగె లేదు,
చెవిల మక్కగింజ లెక్క కూసుంది.
అన్నీ మంచిగనే వినవడ్డయి. గదే అనుమానం.
మా బ్యాండు గంత సాఫుగ ఎన్నడు మోగింది?
ఉప్పు మర్చిన కూరల ఎవడో చక్కెర కలిపిండు.

మూడోది తీగెది. మూడు వందల ఎనభై.
కింది అరల దుమ్ముల ఉండె,
నయీంకు చూపియ్య బుద్ధి గూడ లేదు.
పెట్టుకున్న.
రీడు తడుపుకున్న నాలుక చప్పుడు.
జనరేటరు బండి గురక. ఎవరివో పట్టీలు.
నా ఊపిరి,
రెండో చరణం ముంగట సగమే తీసుకున్న ఊపిరి.
గక్కడ! వేలు తప్పు గాదు, దమ్ము తప్పు.

కని డోలేది?
"తమ్మీ, ఎడమది పనిజేస్తలేదు."
నయీం తన చెవిల పెట్టుకుని తలూపిండు. "మంచిగనే ఉందన్నా.
రెండు అటిటు మార్చి చూడు."
మార్చిన.
డోలు కుడికొచ్చి దబదబ మోగవట్టె,
నా క్లారినెట్ ఎడమకు పోయి
గోడ అవతలింట్ల ఎవరో ఊదుతున్నట్టు.

సామానుల ఐబు లేదు.
కొంచెంసేపు ముగ్గురం మాట్లాడలే.
నయీం నా ఫోనందుకుండు. లోపల ఒక గీత ఉంటదట,
అటు జరిపితే ఎడమ పెరుగుతదట.
వద్దన్న. ఎందుకన్ననో నాకూ ఎరుక లేదు.
ఎనభై ఇడిపిచ్చుకుందును, బేరమే మరిచిన.

పరకాల బస్సుల సీటు దొరికింది.
మొగిలి నా ఎడమకే కూసుండు, అలవాటు.
గూడెప్పాడు దాటినంక అడిగిండట
ముంగటి సీటు రాడ్డు దిక్కు చూసుకుంట.
నాకు రెండోసారి అడిగితేనే వినవడ్డది:
"నేను గంత గట్టిగ కొట్టిన్నార, ఓదేలూ?"

జవాబియ్యలే.
తీగె చిక్కు విప్పి ఎడమది ఆయన చెవిల పెట్టిన,
కుడిది నాకు.
పాట మలుపు కాడికి రాంగనే
ఆయన వేళ్లు మోకాలు మీద లేసినయి.
నా సగం ఊపిరి ఇంక అయిపోకముందే
ఒక్క దెబ్బ, మిగిలిన వాటికంటె గట్టిగ,
నేను జారిన జాగ మీద.

బస్సు గుంతల పడ్డది. తీగె ఊడలే.