నేల టికెట్టు

ఆయ్, రండి బాబూ,
ఆ గట్టు జారుద్ది, చెప్పులు చేత్తో పట్టుకోండి.
ఇదేనండి మీ కాగితంలోని నలభై ఎకరాలు.
పోయిన వరదకి ముందు నలభై మూడు.

ఆ సినిమాకి ఇళ్ళు నేసింది నేనేనండి,
ఓలేటి పల్లయ్య, తాటాకు పని.
డెబ్భై రెండు ఇళ్ళు, పదకొండు రోజులు.
లోపల పొయ్యి లేదు, ఉట్టి లేదు,
కొన్నిటికి వెనక గోడే లేదు.
కెమెరా చూడని వైపు ఆకు దండగన్నాడు మేస్త్రీ.
నా చెయ్యి ఒప్పుకోలేదండి.
చూరు సగంలో వదిలేస్తే వాన నవ్వుద్ది.
కూలి లేకుండానే వెనకా నేశాను.

పన్నెండో రోజు రాత్రి అన్నీ తగలెట్టారు.
కథలో ఊరు కాలాలంట.
మా సూరమ్మ గట్టు మీద నిలబడి ఏడ్చింది,
కొంగు నోట్లో కుక్కుకుని.
అదీ సినిమాలో పడింది. రెండు క్షణాలు.
దానికి డబ్బులివ్వలేదు.

రాజోల్లో నూట ముప్పై రోజులాడింది.
ఇప్పుడు కుర్చీలేశారు గానీ
ముందు నాలుగు వరసల్నీ మేమింకా నేలే అంటాం.
నేల టికెట్టు మీద తొమ్మిదిసార్లు చూశాను.
హీరో కోసం కాదండి.
మంట రాకముందు, ఎడమవైపు మూడో ఇల్లు,
కొప్పు మీద గాలికి ఒక్క ఈనె లేస్తాది.
దాని కింద నా ముడి.
పక్కోడికి చూపించేలోపు కాలిపోద్ది.
తొమ్మిదిసార్లూ అంతే.

ఇప్పుడు ఆ ఊరే మళ్ళీ కడతామంటున్నారు.
ప్లాస్టిక్ తాటాకు, నలభై ఏళ్ళ గ్యారంటీ.
రోజూ సాయంత్రం ఆరింటికి మంట,
మండుద్దంట గానీ కాలదంట.
పడవ నీళ్ళ కింద పట్టాల మీద నడుస్తాదంట.
వరదకో బటనుందంట.
ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఎగరేసిన రాత్రి
ఆ బటను ఆపేదెవరండీ?

ఒక సినిమాకింత నేల తగునా అని
పంచాయితీ ఆఫీసులో కుర్చీలు లేచాయి.
రెండున్నర గంటల బొమ్మకి నలభై ఎకరాలా,
ముప్పై ఏళ్ళు కౌలుకి కంద వేస్తే
నాకు అరసెంటు రాలేదే, అన్నాడు యేసురత్నం.
కుర్రాళ్ళు యూనిఫాం రంగు గురించి మాట్లాడుకున్నారు.
సూరమ్మ మాత్రం,
నా ఏడుపు కూడా అక్కడ పెడతారేమో కనుక్కో, అంది.
ఎకసెక్కమో ఆశో ఇప్పటికీ తెలీదు.

నేనెటూ చెప్పలేదండి.
అబద్ధమెందుకు, సినిమా బాగుంటాది.
ఆ ముసల్ది బూడిదలో చెంబు దేవుకునే చోట
హాల్లో ఒక్కడూ సోడా మూత తియ్యడు.
అలా ఊపిరాపిన జనానికి
నించునే చోటు కావాలంటే కాదనడానికి నేనెవణ్ణి?
కాకపోతే మా వైపు
కోతంటే వరికోత, కరెంటు కోత, ఏటికోత.
మొదటి వారం అయ్యాక పన్నెండు నిమిషాలు కోశామని
మీ కుర్రాడు చెప్పినప్పుడు నాలుగోది తెలిసింది.
గోదారి కూడా అంతేనండి.
ఎక్కువైందనుకుంటే కోసేస్తాది.
ఏ సీనులో ఎవరున్నారని అడగదు.

సరే, నేస్తాను.
ప్లాస్టిక్కైనా నేస్తాను, రోజుకెంతో ముందు చెప్పండి.
ఎడమవైపు మూడోదానికి మాత్రం అసలాకు కప్పుతాను,
వెనకవైపుతో సహా.
రెండేళ్ళకి కుళ్ళుద్ది, మళ్ళీ కప్పుతాను.
దానికి మీ గ్యాసు మంట కాస్త దూరంగా పెట్టండి.
టికెట్టు కొన్నోళ్ళకి చెప్పక్కర్లేదు.
వాన పడ్డప్పుడు
చూరు కింద నిలబడ్డోడికి వాసనొస్తాది.

ఇక చెప్పులేసుకోండి బాబూ,
పంటు వచ్చేసింది.